కొండకు తగిన మొక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యవర్గం నాకు రెండు పనులు అప్పజెప్పింది. నేను పాఠాలు చెప్పే ఉద్యాన విభాగం ఏం చేస్తుందో, అలాంటి విభాగాలు మన కొండలకు ఏం చేశాయో అరగంటలో చెప్పడం మొదటిది. స్వర్ణోత్సవం గుర్తుగా బడి ఆవరణలో వేయబోయే తోట ఎలా ఉండాలో సలహా ఇవ్వడం రెండోది. నమూనాగా ఒక చిత్రం కూడా పంపారు. గేటు నుంచి ఆఫీసు గది దాకా రెండు వరుసల రాయల్ పామ్ చెట్లు, మధ్యలో పచ్చిక, ఆ పచ్చికలో ఒక ఫౌంటెన్. చిత్రం చూడ్డానికి బాగుంది. దాని సంగతి చివర్లో మాట్లాడతాను. మొదటి పని సరిగా చేస్తే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుందని నా నమ్మకం.

మా విభాగం పేరు పూల సాగు, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్. పేరు పెద్దది. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "పూలమొక్కల మాస్టారు" అని చెప్పి ఊరుకుంటుంది. ఉద్యాన కళాశాలలో పండ్లకు ఒక విభాగం ఉంటుంది, కూరగాయలకు ఒకటి, కాఫీ, మిరియాలు, పసుపు లాంటి తోట పంటలకూ సుగంధ ద్రవ్యాలకూ ఒకటి. పూలు మా వంతు. పూలతో పాటు స్థలం కూడా మా వంతే. ఒక ఆవరణ ఇస్తే వాన నీరు ఎటు పారుతుంది, ఎండ ఏ వేళ ఎక్కడ పడుతుంది, గాలి ఎటు నుంచి వీస్తుంది, మనుషులు ఎటు నడుస్తారు అని చూసి, ఆ తర్వాతే ఏ మొక్క ఎక్కడ నాటాలో గీత గీయడం మా పని. మొదటి సంవత్సరం పిల్లలు వచ్చిన వెంటనే మొక్కల పేర్లు చెప్పమంటారు. మేం ముందు నీళ్లు పారే దారి చూపిస్తాం.

నాలుగేళ్ల డిగ్రీలో పిల్లలు నారుమడి పోయడం, అంటు కట్టడం, షేడ్‌నెట్ కింద పూల సాగు, కోసిన పువ్వు వాడకుండా నిలిపే పద్ధతులు, తోట నమూనా గీయడం నేర్చుకుంటారు. చివరి సంవత్సరంలో పల్లెల్లో ఉండి రైతులతో కలిసి పనిచేయాలి. దాన్ని గ్రామీణ ఉద్యాన పని అనుభవం అంటారు. నా ఉద్దేశంలో డిగ్రీ మొత్తానికి అదే అసలు పరీక్ష. తరగతిలో మాస్టారు మార్కులు వేస్తారు. అక్కడ రైతు ఏమీ వేయడు. మనం ఇచ్చిన మొక్కను పెరట్లో ఉంచుకుంటాడు, లేదా పీకేస్తాడు.

ఇక మన కొండల సంగతి. అరకులో మీరంతా చిన్నప్పుడు విహారయాత్రకు వెళ్లిన పద్మాపురం తోట ఉంది కదా. బొమ్మ రైలు, చెట్ల మీద గుడిసెలు, గులాబీలు. అది మొదట విహారం కోసం పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి వేశారు. చల్లని కొండ మీద పండే కూరగాయ కింద వేడిలో పండదని అప్పటి అధికారులకు తెలుసు. యుద్ధం పోయింది, తోట మిగిలింది, ఉద్యాన నర్సరీగా, శిక్షణ కేంద్రంగా మారింది. ప్రభుత్వం వేసిన ఉద్యాన పాదుకు మన లోయలో అది పాత గుర్తు.

విశ్వవిద్యాలయాలు తర్వాత వచ్చాయి. 1964లో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దాన్ని ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో పిలుస్తున్నాం. చింతపల్లిలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దానిదే. ఎత్తయిన గిరిజన ప్రాంతాన్ని అది వేరే వ్యవసాయ మండలంగా లెక్కపెట్టి, ఇక్కడి నేలకు, ఇక్కడి చలికి తగిన పంటలు చూస్తుంది. 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం. చింతపల్లిలోనూ, రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోనూ దానికి పరిశోధన స్థానాలున్నాయి. పార్వతీపురంలో ఉద్యాన కళాశాల ఉంది. అంటే శ్రీకాకుళం కొండల నుంచి గోదావరి కొండల దాకా ఏదో ఒక చోట మన మన్యం దగ్గరలో ఒక ఉద్యాన శాస్త్రవేత్త ఉన్నాడు.

ఈ విభాగాలు ఏం సాధించాయి అంటే నివేదికల్లో రకాల పేర్లు, ఎకరాలు రాస్తారు. నాకు మాత్రం మరో లెక్క నచ్చుతుంది. పథకం అయిపోయి, జీపు వెళ్లిపోయి, సబ్సిడీ ఆగిపోయిన తర్వాత కూడా ఆ మొక్క రైతు ఇంట్లో ఉందా? ఆ లెక్కతో నాలుగైదు పంటలు చూద్దాం.

మొదట కాఫీ. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి గోదావరి వైపు పాములేరు లోయలో కాఫీ వేయించాడని కాఫీ బోర్డు చరిత్ర చెబుతుంది. 1960ల్లో అటవీశాఖ రిజర్వు అడవుల్లో పెద్ద ఎత్తున తోటలు పెంచింది. ఆ తర్వాత పాడేరు ఐటీడీఏ ద్వారా కాఫీ గిరిజన రైతు సొంత పొలంలోకి వచ్చింది. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డుకు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. ఇవాళ ఈ ఏజెన్సీలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. 2019 మార్చిలో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడాన్‌గిరి, వయనాడ్ కాఫీల సరసన మన లోయ పేరు చేరింది.

ఇదంతా ఒక విశ్వవిద్యాలయం గొప్ప అని చెప్పడం లేదు. అది కాఫీ బోర్డుది, ఐటీడీఏది, గిరిజన సహకార సంస్థది, స్వచ్ఛంద సంస్థలది, అందరికన్నా ముందు రైతుది. నేను చెప్పదలచింది కాఫీ ఎందుకు నిలిచిందో. పోడు కొట్టిన వాలు మీద ఒంటరిగా కాఫీ నాటితే బతకదు. దానికి నీడ కావాలి. పై అంతస్తులో పనస, నేరేడు, సిల్వర్ ఓక్. ఆ మానుల మీదకు పాకే మిరియాల తీగ. నడుమ కాఫీ. అంచుల్లో పసుపు, అల్లం. కింద రాలిన ఆకు కుళ్లి ఎరువవుతుంది, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. ఇది అడవి అమరికే. అడవిలో పుట్టి పెరిగిన మనిషికి ఈ తోట కొత్తగా అనిపించలేదు. అందుకే ఉంచుకున్నాడు.

మిరియాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. కేరళలో పన్నియూరు పరిశోధన కేంద్రం 1971లో పన్నియూర్-1 అనే రకాన్ని విడుదల చేసింది. మిరియాల్లో ప్రపంచంలోనే తొలి సంకర రకం అది. గెలలు పొడవుగా, గింజ లావుగా వస్తుంది. కానీ దట్టమైన నీడలో సరిగా కాయదు. కాబట్టి వానలకు ముందు నీడ చెట్ల కొమ్మలు నరికి వెలుతురు దించాలి. ఎంత నరకాలి? ఎక్కువ నరికితే కింద కాఫీ మాడుతుంది, తక్కువ నరికితే పైన మిరియం కాయదు. ఈ కొలత పుస్తకంలో చదివితే రాదు. మా పిల్లలు ఊళ్లో ఉన్నప్పుడు రైతు దగ్గర నేర్చుకుని వస్తారు. విశ్వవిద్యాలయం రైతుకు నేర్పుతుందని అనుకుంటాం. చాలాసార్లు పాఠం ఇటు నుంచి అటు పోతుంది.

దీనికి మంచి ఉదాహరణ మన పొరుగునే ఉంది. అరకు దాటి సరిహద్దు అవతల ఒడిశా కొరాపుట్ జిల్లాలో పొట్టంగి ఉంది. అక్కడ ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఎత్తయిన ప్రాంత పరిశోధన కేంద్రం ఉంది. రోమా, సురోమా పసుపు రకాలు, సుప్రభ, సురుచి అల్లం రకాలు అక్కడివే. దేశమంతా అల్లం పాఠాల్లో చెప్పుకునే సుప్రభ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కుందులి ప్రాంతపు స్థానిక అల్లం నుంచి మేలైనది ఏరి అభివృద్ధి చేసిందే. అంటే కొండ ఆడవాళ్లు తరాలుగా ఏరి, దాచి, నాటుతూ వచ్చిన దుంపకు శాస్త్రవేత్త పరీక్ష పెట్టి, పేరు పెట్టాడు. మంచి పనే. దాని తొలి భాగం మాత్రం పెరట్లో జరిగింది.

ఆ కొరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వరి రకాలను కాపాడిన ఆ జిల్లా గిరిజన రైతు కమలా పుజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. సరిహద్దు గీత కాగితం మీదే. ఆ కొండలూ ఈ కొండలూ ఒకటే, ఆ మాటా ఈ సంతా ఒకటే. మన వైపు కూడా అలాంటి అమ్మలు ఉన్నారు, ఇంకా ఎవరూ లెక్క రాయలేదు.

కొంచెం కిందికి, వేడి కొండల వైపు వస్తే జీడిమామిడి. సీతంపేట, పార్వతీపురం వైపు మీకు తెలిసిందే. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం ఇచ్చిన బి.పి.పి.-8 రకం అంటు మొక్కలు అటు బాగా వెళ్లాయి. గింజ నాటితే తల్లి లక్షణం వస్తుందో రాదో తెలియదు. అంటు కడితే వస్తుంది. ఒక ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లకు అంటు కట్టడం చేతికి వచ్చిందంటే ఆ ఊరు మొక్క కోసం ఎవరి దయకూ కాచుకోనక్కర్లేదు. ఉద్యాన విభాగం పంచే వాటిలో అన్నిటికన్నా విలువైనది మొక్క కాదు, ఆ చాకు పట్టే నేర్పు అని నేను మా పిల్లలకు చెబుతుంటాను.

పందిరిమామిడిలో తాటి మీద పరిశోధన సాగుతోంది. నీరా పులిసిపోకుండా దించడం, శుభ్రంగా బెల్లం కాయడం, తేగల నుంచి, తాటిపండు నుంచి తినుబండారాలు చేయడం. కొత్త మొక్క ఒక్కటి కూడా తేకుండా, ఉన్న చెట్టుకే విలువ పెంచిన పని ఇది. ఇలాంటిదే చిన్న ముచ్చట వలిసెల గురించి. చలికాలం రాగానే లోయంతా పసుపుపచ్చగా పూస్తుంది, పర్యాటకులు ఫొటోల కోసం ఎగబడతారు. దాన్ని ఎవరో అలంకారానికి వేశారనుకునే వాళ్లూ ఉన్నారు. అది నూనెగింజ పంట అని మనకు తెలుసు. దానికి బంగారు తీగ అనే పరాన్న కలుపు పెద్ద బెడద. ఆ కలుపు విత్తనం వలిసె విత్తనంతో కలిసి పొలానికి వస్తుంది. విత్తే ముందు సరైన జల్లెడ పడితే చాలావరకు తప్పుతుంది. మందు లేదు, ఖర్చు లేదు. ల్యాండ్‌స్కేప్ పాఠంలో నేను వలిసె పొలాన్నే చూపిస్తాను. ఈ లోయలో అందరూ మెచ్చే అందమైన దృశ్యాన్ని ఏ ఆర్కిటెక్టూ గీయలేదు. రైతు పండించుకుంటుంటే అది దానంతటదే వచ్చింది. రైతు వలిసె మానేసిన రోజున ఆ దృశ్యమూ ఉండదు.

పూల సాగు విషయం చెప్పకపోతే మా విభాగం వాళ్లు ఊరుకోరు. చల్లని రాత్రుల వల్ల గ్లాడియోలస్, చామంతి, చైనా ఆస్టర్ ఇక్కడ మంచి రంగు తేలతాయి. సాగు కష్టం కాదు, అమ్మకం కష్టం. పువ్వు తెల్లవారేసరికి విశాఖ మార్కెట్లో ఉండాలి. ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఒక్క రైతు నాలుగు కట్టల కోసం బండి పెట్టలేడు. పదిమంది కలిసి ఒకే వారం కోతకు వచ్చేలా దుంపలు నాటితే బండి నిండుతుంది. అందుకని మేం ఇప్పుడు రకాల కంటే నాటే తేదీల పట్టిక మీద ఎక్కువ మాట్లాడుతున్నాం. పువ్వు పండించిన ఊళ్లు చాలా ఉన్నాయి. కలిసి నాటిన ఊళ్లే అమ్ముకోగలిగాయి.

ఇప్పటిదాకా నిలిచిన మొక్కల గురించి చెప్పాను. నిలవడం ఒక్కటే చాలదు అనడానికి రెండు ఉదాహరణలు చెబుతాను. ఈ రెండూ మా ల్యాండ్‌స్కేప్ వాళ్లు రోజూ గుర్తు పెట్టుకోవలసినవి.

ఒకటి, తలంబ్రాల చెట్టు. శాస్త్రం పేరు లాంటానా. రంగురంగుల చిన్న పూలు, పిల్లలు తేనె పీల్చుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అలంకార మొక్కగా వచ్చింది. అందం కోసం తెచ్చారు, కంచెకు బాగుంటుందని పంచారు. పిట్టలు పండ్లు తిని గింజలు కొండలకు మోశాయి. ఇవాళ మన అడవి అంచులు చూడండి. ఆ పొద కింద గడ్డి మొలవదు, పశువుకు మేత లేదు, చిన్న మొక్క పైకి రాదు. నిలవడంలో దాన్ని మించింది లేదు. అయితే అది నిలిచి పొరుగువాళ్లను వెళ్లగొట్టింది. దాన్ని తెచ్చిన చేయి తోటమాలి చేయి, అంటే మా వృత్తి వాళ్లదే.

రెండోది, 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను. విశాఖలో తీరం దాటి ఘాట్ ఎక్కి మన తోటల మీద పడింది. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. త్వరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియానికి మంచి ఆసరా, కలప డబ్బు తెస్తుంది. అందుకని చాలా తోటల్లో నీడంతా దాని మీదే పెట్టుకున్నారు. ఆ గాలికి అవి విరిగి, కూలి, కింద కాఫీ మీద పడ్డాయి. మిగిలిన కాఫీ ఎండకు ఎక్కింది. విశాఖ నగరంలోనూ రోడ్ల పక్క నీడ ఒక్కరోజులో పోయింది. సిల్వర్ ఓక్ చెడ్డదని కాదు. ఒకే జాతి మీద భారమంతా వేయడం ప్రమాదమని ఆ రోజు తెలిసింది. కొన్ని పనసలు, కొన్ని నేరేళ్లు, కొన్ని బాడితలు, వాటి మధ్య సిల్వర్ ఓక్ ఉంటే ఒకటి పోయినా నీడ మిగులుతుంది.

ఇప్పుడు మరో గండం మన గడపలో ఉంది. కాఫీ కాయతొలుచు పురుగు. మనదేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదట కనిపించింది. మూడున్నర దశాబ్దాల పాటు మన కొండలకు రాలేదు. 2025లో అరకు తోటల్లో కనిపించింది. సూది మొనంత పురుగు, కాయలో దూరి గింజను తినేస్తుంది. పురుగు పట్టిన కాయలు ఏరి, మరిగే నీళ్లలో ముంచి, పూడ్చిపెట్టాలి. చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరుకోవాలి. ఊరు మొత్తం కలిసి చేస్తేనే ఫలితం, ఒక్క తోట వదిలేసినా పక్క తోటలకు చేటు. గోనె సంచి, నారు మొక్క, కాయ ఒకచోటు నుంచి మరోచోటుకు పోయేటప్పుడు దాంతో ఏం పోతోందో చూడాలి. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మంది ఇళ్లలో కాఫీ ఉంది. కాబట్టి ఈ మాట ఊరికే వినవద్దు. మీ ఊరి సంత రోజున పదిమందికి చెప్పండి.

ఇవన్నీ చూశాక మేం పిల్లలకు ఏ మొక్క విషయంలోనైనా మూడు ప్రశ్నలు వేసుకోమంటున్నాం. నీళ్లు పోసే మనిషి లేని ఎండాకాలంలో ఇది నిలుస్తుందా? ఇక్కడి మనుషులకు దీనితో పని ఉందా? పక్క మొక్కను ఇది బతకనిస్తుందా? కాఫీ తోట నీడలో ఉన్నంతకాలం మూడింటికీ అవుననే చెబుతుంది. తలంబ్రాల చెట్టు మొదటి ప్రశ్న దగ్గరే నెగ్గి, మిగతా రెండింటి దగ్గర ఓడిపోతుంది.

మూడో ప్రశ్నకు మన పెద్దలు ఎప్పుడో జవాబిచ్చారు. మామిడి కొత్త పండుగ చేయకుండా కొత్త మామిడికాయ నోట పెట్టకూడదని ఇంట్లో పెద్దవాళ్లు మనల్ని ఎన్నిసార్లు కసిరి ఉంటారు! పిల్లలుగా అది మనకు శిక్షలా ఉండేది. ఉద్యానశాస్త్రం చదివాక నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది. కాయ ముదరనిస్తే టెంకకు మొలిచే శక్తి వస్తుంది, అందరూ ఒకే రోజు మొదలుపెడితే ఒకరు ముందే దులుపుకుపోవడం ఉండదు. చెట్టుకూ, పిట్టకూ, పక్కింటికీ వాటా ఉంచడం ఈ కొండల్లో మర్యాద.

ఇక రెండో పని, మన బడి తోట. ఆ చిత్రానికి మూడు ప్రశ్నలూ వేద్దాం. రాయల్ పామ్ క్యూబా వైపు నుంచి వచ్చిన చెట్టు. ఠీవిగా ఉంటుంది. దాని కింద ఒక్క పిల్లవాడికి కూర్చునేంత నీడ రాదు. పచ్చికకు ఏడాది పొడవునా నీళ్లు కావాలి, కోయాలి, కలుపు తీయాలి. ఏప్రిల్ నెలాఖరున బడి మూస్తారు. మే నెలలో హాస్టల్ పిల్లలు కూడా ఉండరు. మన వైపు బడుల్లో నాటిన మొక్కలు పోయేది ఎక్కువగా ఆ నెలన్నరలోనే. ఫౌంటెన్ మోటారు సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆర్భాటంగా మొదలుపెట్టిన ఎన్ని ఫౌంటెన్లలో ఇప్పుడు నీళ్లున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

నా సలహా ఇది. గేటు దగ్గర రెండు జీలుగు చెట్లు చాలు. నగరంలో నర్సరీల వాళ్లు దీన్నే ఫిష్‌టైల్ పామ్ అని అలంకార మొక్కగా అమ్ముతున్నారు. మనకు అది కల్లు చెట్టు, పెరటి చెట్టు. బడి గేటు దగ్గర కల్లు చెట్టా అని నవ్వకండి. పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఆలోగా కుండ కట్టే వాళ్లకు హెడ్మాస్టారు సర్దిచెప్పుకుంటారు. దారి పొడవునా రేల, దేవకాంచనం. ఒకటి వేసవిలో పసుపు గుత్తులు వేలాడేస్తుంది, రెండోది చలికాలం ముందు పూస్తుంది. మధ్యాహ్నం తర్వాత ఎండ పడే ఆటస్థలం పడమర గట్టు మీద పనస, నేరేడు, ఉసిరి, ఒకే జాతి వరుస కాకుండా కలిపి నాటుదాం. పై గట్టు నుంచి వాన నీరు ఆటస్థలాన్ని ఏటా కోసుకుపోతోంది. అక్కడ వాలుకు అడ్డంగా కందకం తవ్వి, గట్టు మీద కొండచీపురు వేద్దాం. మట్టి ఆగుతుంది, ఏటా బడికి చీపుళ్లూ వస్తాయి.

ప్రతి చెట్టుకూ ఒక పలక పెడదాం. దాని మీద తెలుగు పేరు, ఆదివాసీ ఒడియా పేరు, కువి పేరు, కింద శాస్త్రం పేరు. ఆ పేర్లు పిల్లలే ఇంట్లో అమ్మమ్మలను అడిగి తీసుకురావాలి. బడిలో అమ్మమ్మ మాట పలక మీద కనిపిస్తే ఆ పిల్లకు కలిగే ధైర్యం వేరు.

పచ్చిక వేయాలనుకున్న చోట ఒక చిన్న నర్సరీ పెడదాం. షేడ్‌నెట్, పాలిథిన్ సంచులు, తల్లి మొక్కలు కొన్ని. అంటు కట్టడం, మిరియాల తీగ ముక్కలు నాటడం పిల్లలకు నేర్పుదాం. పదో తరగతి పూర్తిచేసి వెళ్లే ప్రతి విద్యార్థి తన చేత్తో కట్టిన ఒక అంటు మొక్క ఇంటికి తీసుకెళ్లాలి. నేర్పడానికి నేనూ, మా విద్యార్థులూ ఏటా జూలైలో వస్తాం. ఇది సభా మర్యాదకు అన్న మాట కాదు, తేదీ రాసుకోండి.

డబ్బు గురించి ఒక్క మాట. సంఘం సేకరించిన మొత్తంలో సగం మాత్రమే నాటడానికి ఖర్చు చేయండి. మిగతా సగం రెండు ఎండాకాలాలకు దాచండి. ఊళ్లో ఒక మనిషికి జీతమిచ్చి మార్చి నుంచి వానలు పడేదాకా నీళ్లు పోయించండి. రెండు వేసవులు దాటిన చెట్టు ఆ తర్వాత తన బతుకు తాను చూసుకుంటుంది. శిలాఫలకం ఖర్చు తగ్గినా పరవాలేదు.

చివరగా గురువులకు నా విన్నపం. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల డిగ్రీలో చేరవచ్చు. నా తరగతిలో కొండ పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాళ్లు నీడ చెట్టు కొమ్మ ఎంత నరకాలో నాకంటే బాగా చెబుతారు. పరీక్ష పేపర్లో మాత్రం ఆ ప్రశ్న రాదు. ఇన్నేళ్ల విశ్వవిద్యాలయాల పని ఈ కొండల్లో ఎంత సఫలమైందో తేల్చే అసలు లెక్క అదే అని నేను అనుకుంటాను. కొండ మీద పుట్టిన పంటలకు పేర్లు పెట్టాం. కొండ మీద పుట్టిన పిల్లలు ఆ పేర్లు పెట్టే కుర్చీలో ఎంతమంది కూర్చున్నారు? మన బడి నుంచి ఏటా ఒక్కరు చాలు. దరఖాస్తు నింపడానికి, హైదరాబాదుకో, వెంకటరామన్నగూడానికో మొదటిసారి తోడు వెళ్లడానికి మన సంఘంలో మనుషులున్నారు. సంఘం అంటే అందుకే కదా.

తోట నమూనా గీసి కార్యదర్శి గారికి ఇచ్చాను. అందులో ఏ చెట్టు ఎక్కడన్నది మీరు మార్చుకోవచ్చు. జూన్ చివర్లో తొలి వానలు పడగానే గుంతలు సిద్ధంగా ఉంటే చాలు.